అమ్మ మోకాలి ఆపరేషన్‌కి నా పదిహేను రోజుల సెలవు ఎప్పుడు పెట్టుకోవాలి?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మకి 64 ఏళ్లు. చాలాకాలం పలాసలో జీడిపిక్కల పనికి వెళ్లేది. మోకాళ్ల నొప్పులతో మూడేళ్ల కిందట మానేసింది. కుడి మోకాలు మరీ బాగోలేదు, రాత్రి నిద్ర కూడా పట్టదు. ఇన్నాళ్లూ ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే బిళ్లలు, సూదులతోనే నెట్టుకొచ్చింది. విశాఖలో చూపిస్తే రెండు మోకాళ్లూ మార్చాలన్నారు, కావాలంటే రెండూ ఒకేసారి చేస్తామన్నారు. షుగర్ ఉంది. క్రియాటినిన్ 1.4 వచ్చింది. మా వీధిలో ఒకావిడ రెండేళ్ల కిందట చేయించుకుని ఇప్పటికీ కుంటుతూనే ఉంది. ఆమెని చూసి అమ్మ వద్దంటోంది. నాన్నకి 72 ఏళ్లు, ఇంట్లో వాళ్లిద్దరే. నాకు దొరికేది మొత్తం పదిహేను రోజుల సెలవు. సంక్రాంతి వెళ్లాక చేయిద్దామనుకుంటున్నాను. చేయించాలా? రెండూ ఒకేసారా? ఈ సెలవు సరిపోతుందా? అమ్మ రథసప్తమికి మళ్లీ అరసవల్లి వెళ్లగలదా?

జవాబు:

అమ్మా, మీరు మూడోదిగా అడిగిన సెలవు సంగతి ముందు చెప్తాను. పదిహేను రోజులు సరిపోతాయి. కానీ వాటిని ఆపరేషన్ రోజు నుంచి మొదలుపెట్టకండి.

ఆసుపత్రిలో ఉండే నాలుగైదు రోజులూ నర్సులుంటారు, డ్యూటీ డాక్టరు ఉంటారు, ఫిజియోథెరపిస్టు పొద్దున్నా సాయంత్రం వచ్చి నడిపిస్తారు. బట్టలు మార్చడానికి, కాఫీ తేవడానికి, ధైర్యం చెప్పడానికి ఒక మనిషి తోడుంటే చాలు. అది మీ నాన్నగారు కావచ్చు, పిన్నో మేనత్తో కావచ్చు. ఆపరేషన్ జరుగుతున్న గంటన్నర, రెండు గంటలు మీరు బయట బెంచీ మీద లేకపోతే మనసు ఒప్పుకోదని తెలుసు. ఆ రోజు వచ్చి వెళ్లండి. మీ సెలవులో ఎక్కువ భాగం మాత్రం అమ్మ ఇంటికి చేరిన రోజు నుంచి పెట్టుకోండి. ఆసుపత్రిలో నొప్పి తెలియకుండా ఇచ్చిన మందుల బలం అప్పటికి తగ్గిపోయి ఉంటుంది. కాలు వాచి, బరువెక్కి ఉంటుంది. చుట్టూ చెప్పేవాళ్లు ఎక్కువ, తెలిసినవాళ్లు తక్కువ. ఐదో రోజు నుంచి ఇరవయ్యో రోజు దాకా ఇంట్లో ఏం జరిగిందనే దాని మీదే ఆ మోకాలు ఎలా ఉంటుందన్నది చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఇరవై ఏళ్లుగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఊళ్లలో ఇళ్లకి వెళ్లి ఇలాంటి కాళ్లకి వ్యాయామం చేయిస్తున్నాను. అయినా మా అమ్మ విషయంలో తప్పు చేశాను. ఆమెకి ఆపరేషన్ అయినప్పుడు పది రోజులు సెలవు పెట్టాను. అందులో ఆరు రోజులు ఆసుపత్రిలోనే అయిపోయాయి. ఇంటికొచ్చాక నాలుగు రోజులుండి వెళ్లిపోయాను. రోజూ ఫోన్ చేసి నొప్పి ఎలా ఉందని అడిగేదాన్ని. తగ్గిందమ్మా అనేది. నిజంగానే తగ్గింది, ఎందుకంటే పక్కింటి పెద్దమ్మ ప్రేమ కొద్దీ మోకాలి కింద మెత్తటి దిండు పెట్టింది. పగలూ రాత్రీ ఆ దిండు తీయలేదు. ఐదు వారాల తర్వాత వెళ్లి చూస్తే కాలు తిన్నగా చాపితే మోకాలి వెనక భాగం మంచానికి ఆనడం లేదు. ఆ వంకర తీయడానికి నాలుగు నెలలు పట్టింది, అయినా చివరి కాస్తా రాలేదు. రోజూ ఫోన్‌లో నేను అడగవలసింది నొప్పి గురించి మాత్రమే కాదు. మోకాలి వెనక భాగం మంచానికి ఆనుతోందా అని అడగాలి. అది నాకు తెలిసిన విషయమే. అయినా కూతురుగా నొప్పి ఒక్కటే అడిగాను.

దిండు ఎందుకు పనికిరాదో మీకు తెలిస్తే మీరు పక్కవాళ్లకి చెప్పగలుగుతారు. కొద్దిగా వంచి ఉంచితే మోకాలి లోపల చోటు పెరుగుతుంది, వాపు నీరు సర్దుకుంటుంది, బిగువు తగ్గుతుంది. అందుకే హాయిగా ఉంటుంది. కానీ ఆ భంగిమలోనే రోజులు గడిస్తే వెనకవైపు కండరాలు, పొరలు అలాగే కుదించుకుపోతాయి. తిన్నగా రాని కాలుతో నడిస్తే కుంటు తప్పదు. తొడ కండరం ఒక్క క్షణం కూడా విశ్రాంతి లేక అలిసిపోతుంది. దిండు పెట్టాలనిపిస్తే మడమ కింద పెట్టండి, మోకాలు గాల్లో ఉండి దాని బరువుకి అదే కిందకి జారుతుంది. మొదట పది నిమిషాలు కూడా ఓర్చుకోలేరు. రోజుకి మూడు నాలుగు సార్లు అలా చేస్తే వారంలో అలవాటవుతుంది. మీ వీధిలో ఆవిడ సంగతి ఆమెని చూడకుండా నేను చెప్పలేను. కానీ కుంటు మిగిలిపోయినవాళ్ల ఇళ్లకి వెళ్లినప్పుడు నేను ముందు వెతికేది ఆ దిండునే. చాలాసార్లు దొరుకుతుంది కూడా.

ఇక చేయించాలా వద్దా. మన దగ్గర దీన్ని చిప్పలు మార్చడం అంటారు. ఆ మాటకే సగం మంది భయపడతారు, మోకాలంతా తీసేసి ఇనుప ముక్క పెడతారనుకుంటారు. అలా ఉండదు. తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర ఉండే గుజ్జు అరిగి ఎముకా ఎముకా రాసుకుంటున్నప్పుడు, ఆ అరిగిన పైపొరని సుమారు ఒక సెంటీమీటరు మందాన చెక్కి, దాని మీద లోహపు తొడుగు బిగిస్తారు. పన్ను అరిగితే క్యాప్ వేసినట్టు అనుకోండి. రెండు తొడుగుల మధ్య గట్టి ప్లాస్టిక్ పలక ఉంటుంది. చాలామందికి అసలు చిప్ప, చుట్టూ ఉన్న కండరాలు ఎవరివి వాళ్లకే ఉంటాయి. అందుకే ఆ కండరాల బలం మీద అంతగా చెప్తున్నాను. కొత్త తొడుగుని మోయవలసింది పాత కండరాలే.

ఎక్స్‌రేలో గుజ్జు పోయిందని కనిపించినంత మాత్రాన ఆపరేషన్ చేయించుకోవలసిన పనిలేదు. ఎక్స్‌రే ఘోరంగా ఉండి కూడా పొలం పనికి వెళ్లేవాళ్లని చూశాను. నొప్పి రాత్రి నిద్ర లేపుతోందా, ఇంటి నుంచి వీధి చివరి దాకా నడవలేకపోతున్నారా, వ్యాయామం, బరువు తగ్గడం, మందులు అన్నీ చూసినా గుణం లేదా అన్నవే అసలు ప్రశ్నలు. మీరు రాసినదాన్ని బట్టి మీ అమ్మగారి కుడి మోకాలు ఆ దశకి వచ్చినట్టే ఉంది. అయితే వ్యాయామం ఎప్పుడైనా సరిగ్గా చేయించారా అన్నది మీ ఉత్తరంలో లేదు. చేయించకపోతే ఇప్పుడు మొదలుపెట్టండి. ఆపరేషన్ అయినా కాకపోయినా అది వృథా పోదు.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. చేయించుకున్న పదిమందిలో ఒకరో ఇద్దరో అనుకున్నంత బాగాలేదంటారు. ఇన్ఫెక్షన్ నూటికి ఒకరిద్దరికి వస్తుంది. మరోపక్క, వేలమంది లెక్కలు తీసి 2019లో చెప్పిన దాన్ని బట్టి, మార్చిన మోకాళ్లలో 25 ఏళ్ల తర్వాత కూడా పదింట ఎనిమిది పనిచేస్తూనే ఉన్నాయి. ఈ రెండూ మీ అమ్మగారికి చెప్పండి. ఏమీ కాదులే అని ఒప్పించి తీసుకెళ్తే, మూడో రోజు నొప్పి వచ్చినప్పుడు ఆమె వ్యాయామం చేయదు. తానే ఒప్పుకుని వచ్చిన మనిషి ఏడుస్తూనైనా కాలు వంచుతుంది. కాబట్టి ఆమె సరేననే దాకా తేదీ పెట్టుకోకండి.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మీరు ఒక్క ముక్కలో రాసేసిన క్రియాటినిన్ 1.4. రిపోర్టులో అది కొద్దిగా ఎక్కువన్నట్టే కనిపిస్తుంది. కానీ 64 ఏళ్ల ఆడమనిషికి ఆ అంకెతో ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంతగా వడపోస్తున్నాయన్న లెక్క, కడితే సుమారు 42 వస్తుంది. 60 కంటే తక్కువ మూడు నెలలకి మించి ఉంటే కిడ్నీ జబ్బు కిందే లెక్క. పైగా మీది సోంపేట. ఉద్దానంలో పుట్టి పెరిగినవాళ్లకి కిడ్నీల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? షుగర్ లేనివాళ్లకీ, బీపీ లేనివాళ్లకీ కూడా కిడ్నీలు పాడవుతున్న నేల అది. అలాంటి చోట ఏళ్ల తరబడి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు మింగడం, అవే మందులు సూదిగా పొడిపించుకోవడం ఎంత ప్రమాదమో మీ అమ్మగారికి ఎవరూ చెప్పి ఉండరు. మోకాలి నొప్పికి వాడిన మందు కిడ్నీని తినేస్తుంది. ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది, ఎందుకంటే ఆ పల్లెల్లో మోకాళ్లకి వ్యాయామం చేయిస్తూ, తర్వాత అదే మనిషిని డయాలసిస్ మంచం మీద చూశాను.

అందుచేత మోకాలి కంటే ముందు కిడ్నీ. ఈ వారమే ఆ బిళ్లలు, సూదులు ఆపించండి. నొప్పికి ఏం వేసుకోవాలో డాక్టరుని అడగండి, మామూలుగా పారాసిటమాల్‌తో మొదలుపెడతారు. కొన్ని వారాల తర్వాత క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ మళ్లీ పరీక్ష చేయించి కిడ్నీ డాక్టరుకి చూపించండి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, మీకు దగ్గరే. ఆ కాగితం మోకాలి డాక్టరుగారి ముందు, మత్తు ఇచ్చే డాక్టరుగారి ముందు పెట్టండి. ఆపరేషన్ ఆగిపోవాలని కాదు. కిడ్నీ సంగతి తెలిస్తే ఏ నొప్పి మందు ఇవ్వాలి, రక్తం పల్చబడే మందు ఎంత ఇవ్వాలి అన్నది వాళ్లు మార్చుకుంటారు. డిశ్చార్జి చీటీలో రాసిన నొప్పి మందుల గురించి కూడా, ఇవి అమ్మ కిడ్నీకి పరవాలేదా అని నోరు తెరిచి అడగండి.

రెండు మోకాళ్లూ ఒకేసారి అన్న ప్రశ్నకి నా సమాధానం ఇందులోనే ఉంది. గుండె, కిడ్నీ గట్టిగా ఉండి, ఇంట్లో ఇద్దరు ముగ్గురు మనుషులున్నవాళ్లకి ఒకేసారి చేయించుకుంటే ఖర్చూ శ్రమా కలిసొస్తాయి. షుగరు, ఈ క్రియాటినిన్, తోడుగా 72 ఏళ్ల పెద్దాయన అంటే నేను ఒక్కటే చేయించమంటాను. బాగా నొప్పిగా ఉన్న కుడిది ముందు. మూడు నెలల తర్వాత ఎడమదాని సంగతి చూడొచ్చు. కుడికాలు బాగుపడ్డాక ఎడమదాని మీద భారం తగ్గి, ఏడాది రెండేళ్లు ఆగినవాళ్లూ ఉన్నారు. ఇది నా అభిప్రాయం, తుది మాట డాక్టరుగారిది. కానీ ఇంట్లో ఎవరున్నారో ఆయనకి తెలియదు, మీరు చెప్పాలి.

సంక్రాంతి తర్వాత అన్న ఆలోచన బాగుంది. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం పెట్టుకోకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీ ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ ఒరిగిపోయాయి. అలాంటి చీకట్లో, తడి పెరట్లో వాకర్‌తో నడిచే మనిషిని ఊహించుకోండి.

సంక్రాంతి లోపు ఉన్న రోజుల్ని ఇలా వాడుకోండి. అమ్మ రోజూ మూడు పూటలా మంచం మీద కాళ్లు చాపుకుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందకి నొక్కుతూ తొడ బిగించాలి. ఐదు లెక్కపెట్టి వదలాలి, అలా పది సార్లు. తువ్వాలు అప్పటికప్పుడే తీసేయాలి, అది దిండు కాకూడదు. తర్వాత కాలిని తిన్నగా అడుగు ఎత్తు లేపి దించడం. తర్వాత చేతులున్న కుర్చీలో కూర్చుని, చేతుల మీద బరువు వేసి లేవడం. వాకర్ మీద మొదటి పదిహేను రోజులు ఆమెని మోసేది చేతులే కాబట్టి ఇది మానకూడదు. అవకాశముంటే వాకర్ కూడా ముందే తెచ్చి నడిచి చూడమనండి.

షుగర్ మూడు నెలల సగటు చూసే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. అది 8 దాటి ఉంటే చాలామంది డాక్టర్లు తగ్గించుకుని రమ్మంటారు, ఎందుకంటే పుండు మానదు, చీము పట్టే ప్రమాదం ఎక్కువ. పిప్పి పన్ను, మూత్రంలో మంట, కాలి వేళ్ల మధ్య పాచిన చర్మం, మడమల్లో లోతైన పగుళ్లు ఏవి ఉన్నా ముందే నయం చేయించాలి. అక్కడి క్రిమి రక్తంలో వెళ్లి కొత్త మోకాలి మీద కూర్చుంటుంది. ఆపరేషన్ అయ్యాక ఎప్పుడు పన్ను పీకించుకోవలసి వచ్చినా, మోకాలు మార్చారని పంటి డాక్టరుకి చెప్పాలి. మోకాల్లోకి స్టెరాయిడ్ సూది ఏదైనా వేయించారా అన్నది ఆర్‌ఎంపీగారిని నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. వేసి మూడు నెలలు కాకుండా ఆపరేషన్ చేస్తే ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది. ఆయన మీద కోపం చూపిస్తే నిజం చెప్పరు.

మీరు రాయలేదు గానీ ఇంకోటి అడుగుతున్నాను. మన వైపు పెద్దవాళ్లలో చుట్ట అలవాటు ఉంది. నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పిల్లలకి చెప్పరు, డాక్టరుకి అసలే చెప్పరు. మీ అమ్మగారికి ఉంటే ఆపరేషన్‌కి కనీసం నాలుగు వారాల ముందు ఆగాలి. పొగ రక్తనాళాల్ని బిగించేస్తుంది, కుట్లు సరిగ్గా అతకవు.

ఇల్లు చూసుకోవలసింది మీరే. ఈలోగా ఒక ఆదివారం వెళ్లి, అమ్మ మంచం దగ్గర నుంచి బాత్రూం దాకా మీరే వాకర్‌తో నడిచి చూడండి. గడప ఎక్కడ తగులుతోందో, వాకర్ ఏ తలుపులో పట్టడం లేదో, పెరట్లో ఎక్కడ నాచు ఉందో అప్పుడు తెలుస్తుంది. నులక మంచం పనికిరాదు, మధ్యలో కుంగిపోయి కాలు వంగే ఉంటుంది. చెక్క మంచం కావాలి, కూర్చుంటే పాదాలు నేలకి ఆని తుంటి మోకాలి కంటే కాస్త ఎత్తులో ఉండాలి. ఎత్తు చాలకపోతే కోళ్ల కింద ఇటుకలు పెట్టండి, కదలకుండా చూసుకోండి. నేల మీద కూర్చునే మరుగుదొడ్డి అయితే దాని మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ కొనండి. పక్క గోడకి పట్టుకోవడానికి ఒక స్టీలు కడ్డీ వేయించండి. రాత్రి దారిలో చిన్న లైటు, కరెంటు పోతే తలగడ పక్కన టార్చి. గ్యాసు పొయ్యి నేల మీద ఉంటే గట్టు మీదకి మార్చాలి. పీటలు, చాపలు, కాళ్లకి అడ్డుపడే పట్టాలు తీసి పక్కన పెట్టేయండి.

ఆపరేషన్ అయిన రోజు సాయంత్రమో మర్నాడో నిలబెట్టి నాలుగడుగులు వేయిస్తారు. అప్పుడే నడిపించేస్తున్నారేంటని మీ నాన్నగారు కంగారు పడతారు, ముందే చెప్పి ఉంచండి. మంచం మీదే ఉంటే పిక్కల్లో రక్తం గడ్డకడుతుంది, అది ప్రమాదం. అందుకే పడుకున్నప్పుడు కూడా పాదాన్ని పైకీ కిందకీ ఆడిస్తూ ఉండాలి. రక్తం పల్చబడే మందు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ వాడాలి. డిశ్చార్జికి ముందు ఫిజియోథెరపిస్టు అమ్మ చేత వ్యాయామం చేయిస్తుంటే, ఆ మాటలతో సహా ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఊళ్లో ఫిజియో దొరకకపోతే అదే మీ గురువు. ఆమె కాలే, ఆమె మంచమే కనిపిస్తుంది కాబట్టి నెట్‌లో వెతికి చూసే వీడియోల కంటే నూరు రెట్లు పనికొస్తుంది.

విశాఖ నుంచి సోంపేట రెండు వందల కిలోమీటర్లకి అటూ ఇటూ. కారు ముందు సీటు బాగా వెనక్కి జరిపి కూర్చోబెట్టండి. గంటకోసారి ఆపి, దింపి, పదడుగులు వేయించండి. బస్సులో వద్దు, ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు మెట్లు ఎక్కించడానికే ఇద్దరు కావాలి.

ఇంటికొచ్చాక మీ పదిహేను రోజుల్లో రోజు ఇలా గడవాలి. నొప్పి మందు వేసిన అరగంట, ముప్పావుగంటకి వ్యాయామం. తర్వాత తువ్వాల్లో చుట్టిన ఐసు పదిహేను, ఇరవై నిమిషాలు. తర్వాత కాలు ఎత్తు మీద పెట్టి విశ్రాంతి. ఇలా రోజుకి మూడు నాలుగు సార్లు. మధ్యలో గంటకోసారి గదిలో నాలుగడుగులు. మంచం అంచున కూర్చుని, మంచి కాలితో ఆపరేషన్ కాలిని నెమ్మదిగా వెనక్కి నెట్టుకుంటూ వంచాలి. రెండు మూడు వారాల్లో తొంభై డిగ్రీలు, అంటే కుర్చీలో కూర్చుంటే పాదం మోకాలికి సరిగ్గా కిందకి రావాలి. మూడు నెలలకి నూటపది, నూటఇరవై వస్తే చాలా మంచిది. నొప్పి ఉంటుంది, కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. మీరు జాలిపడి ఇవాళ్టికి వద్దులే అనకండి. అలాగని ఎవరో బలవంతంగా పట్టుకుని వంచడం కూడా వద్దు. ఆమె తన కాలిని తానే వంచుకోవాలి. ఆరు వారాలు దాటినా తొంభై రాకపోతే ఊరుకోకుండా డాక్టరుకి చూపించాలి, ఆ సమయంలో దారి ఉంటుంది. మీ వీధిలో ఆవిడలా రెండేళ్లు ఆగితే కష్టం.

రెండో వారంలో ఒక రోజు ఆమె తప్పకుండా అంటుంది, ఎందుకు చేయించుకున్నానా అని. నిద్ర పట్టదు, ఆకలి ఉండదు, విరేచనం సరిగ్గా కాదు, టెన్షన్ పడుతుంది. దాదాపు అందరికీ వస్తుంది ఆ రోజు. వాదించకండి. పక్కన కూర్చుని, నిన్నటి కంటే ఎన్ని అడుగులు ఎక్కువ వేసిందో చెప్పండి. కాగితం మీద రోజూ అడుగుల లెక్క, వంపు ఎంత వచ్చిందో రాసి గోడకి అంటించండి. మీ నాన్నగారికి ఆ పని అప్పగించండి, మీరు వెళ్లాక కూడా ఆయన కొనసాగిస్తారు.

పన్నెండు, పద్నాలుగు రోజులకి కుట్లు తీస్తారు. ఆ లోపు పథ్యం పేరుతో ఆమెని మాడ్చేస్తారు, చూసుకోండి. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గుడ్డు ముట్టకూడదని మన పల్లెల్లో గట్టి నమ్మకం. చీము క్రిమి వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. పుండు మానడానికి కావలసిందే పప్పూ గుడ్డూ చేపా. మీ అమ్మగారికి కిడ్నీ సమస్య కనుక ఎంత తినాలన్న కొలత మాత్రం డాక్టరు చెప్పినట్టే. షుగరు చూసుకుంటూ చోడి (రాగి) అంబలి తాగొచ్చా అన్నదీ ఆయన్నే అడగండి. కుట్ల మీద పసుపు, నూనె, ఆకు పసరు ఏదీ వద్దు. కాలికి మర్దన చేసేవాళ్లని గడప దాటి రానివ్వకండి.

మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు. వాకర్ మానేసి కర్ర పట్టాక అది ఎడమ చేతిలో ఉండాలి, ఆపరేషన్ అయినది కుడి కాలు కాబట్టి. చాలామంది అదే వైపు పట్టుకుంటారు.

మోకాలు వెచ్చగా ఉండటం, సాయంత్రానికి వాచడం నెలల తరబడి ఉంటుంది. కుట్టు పక్కన కొంచెం మేర మొద్దుబారినట్టు ఉంటుంది, నడిస్తే టక్కుమని చప్పుడొస్తుంది. వీటికి భయపడొద్దు. పిక్క గట్టిపడి నొప్పి పెడితే, కుట్ల నుంచి రసి కారితే, ఎర్రదనం రోజురోజుకీ పెరిగితే, 101 దాటి జ్వరం వస్తే, పడిపోతే, అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఫోన్ చేయాలి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108. ఇక్కడ మీ నాన్నగారికి ఒక మాట గట్టిగా చెప్పండి. జ్వరమో రసో కనిపిస్తే ఊళ్లో యాంటీబయాటిక్ సూది వేయించకూడదు, మోకాల్లోంచి నీరు తీయించకూడదు. ఆ సూదితో పైకి తగ్గినట్టే ఉండి లోపల ఇన్ఫెక్షన్ దాక్కుంటుంది. తర్వాత ఏ క్రిమో పట్టుకోవడం కష్టమవుతుంది.

డబ్బు గురించి మీరు అడగలేదు, రెండు ముక్కలు చెప్తాను. మోకాలి తొడుగుల ధరకి కేంద్రం 2017 ఆగస్టులో గరిష్ఠ పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం. తర్వాత సవరణలుంటాయి, కానీ బిల్లులో తొడుగు ధర విడిగా రాసి ఇమ్మని అడిగే హక్కు మీకుంది. దాని పెట్టె మీది స్టిక్కర్ ఫైల్లో అంటించి దాచండి, పదేళ్ల తర్వాత అవసరపడొచ్చు. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డుకి వర్తిస్తుందా అన్నది అడ్మిషన్‌కి ముందే ఆసుపత్రిలోని వైద్యమిత్రని అడగండి. రోబోతో ఆపరేషన్ అన్న మాటకి ఎక్కువ డబ్బు కట్టనక్కర్లేదని నా అభిప్రాయం. రోబో కొలతకి సాయం చేస్తుంది, చేసేది డాక్టరే. ఆ డబ్బుతో రెండు నెలలు ఇంటికొచ్చే ఫిజియోని పెట్టుకోండి.

మళ్లీ జీడిపిక్కల దగ్గర నేల మీద గొంతుక్కూర్చునే పని మాత్రం లేదు. ప్లాస్టిక్ పలక అరిగిపోతుంది. పూజ కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు, వంట నిలబడి చేసుకోవచ్చు, సంతకి నడిచి వెళ్లొచ్చు.

అరసవల్లి సంగతి. సంక్రాంతి అయ్యాక ఆపరేషన్ అయితే ఆ రథసప్తమి రోజుల వ్యవధిలోనే వచ్చేస్తుంది, ఆ ఏడు ఇంట్లోంచే దండం పెట్టుకోమనండి. ఆ పై ఏడు తీసుకెళ్లండి, కానీ రథసప్తమి రద్దీలో గంటలకొద్దీ క్యూలో నిలబెట్టకండి. ముందో వెనకో ఒక మామూలు రోజు, ఎండెక్కక ముందు, చేతిలో కర్రతో, సంచిలో మడత కుర్చీతో. మళ్లీ చేయించిన క్రియాటినిన్ రిపోర్టు రాగానే ఆ అంకె నాకు రాయండి. ఎడమ మోకాలి మాట అది చూశాక చెప్తాను.